అత్తగారి వంతు

గోడల మీదే బొమ్మల సినిమాలు ఆడే ఆ కాలంలో, ఎవరు గోడకి చెయ్యి ఆనిస్తే వాళ్ళ మనసులోని కథే నడిచేది. అత్తగారు రాజ్యం మాత్రం తన వంతెప్పుడూ పిల్లలకే ఇచ్చేసేది. పెళ్ళై నెలైనా నిండని హంసిని, "ఈ ఒక్కసారికి అత్తయ్యా!" అని గారాలుపోతూ, చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆవిడ చేతిని లాగి గోడకి ఆనించింది.

గోడ మీద స్వయంవరం మొదలైంది. రాకుమారిది అచ్చం అత్తగారి పోలికే! హంసిని చప్పట్లు కొట్టింది. ఆ రాకుమారి బారులు తీరిన రాకుమారులందర్నీ దాటుకుంటూ పోయి, పడవ నడిపే పిల్ల మెడలో దండ వేసింది.

హంసిని చప్పట్లు గాలిలోనే ఆగిపోయాయి. ఆమె భర్త శశాంక్ గబుక్కున లేచాడు.

"గోడ పాడైనట్టుందమ్మా, ఆపేస్తా."

"ఆపకురా," అంది రాజ్యం, చూపు తిప్పకుండా. "దాని మొహం చూసి ముప్పయ్యేళ్ళయింది."

హంసిని మెల్లగా చిక్కుడుకాయల చేట తన ఒళ్ళోకి లాక్కుంది.