విమానంలో మిగిలిన మనిషి

"ఖోలీ ఖాళీగుందని చెప్పిన్రు. కిరాయికిస్తరా అమ్మా?"

ట్రంకు పెట్టె కింద పెట్టి అడిగింది వచ్చినామె.

సుందరాబాయి గడపలోనే నిలబడింది. ఆ రోజు ఆమె మనవరాలి తొట్టెల, పేరు పెట్టే పండగ. ఇంటి నిండా చుట్టాలు. తొట్టెల రోజైనా వెనక షెడ్డులో బట్ట నేసే సాంచాలు ఆపని ఇల్లది. యాభైల నాటి షోలాపూర్‌లో, భవాని పేట్ మొత్తం మీద కూతురిని విమానమెక్కించిన ఇల్లు కూడా అదొక్కటే.

"పేరేంది?"

"చంద్రభాగ. దవాఖానల నర్సుగ చేరాలె. పొద్దటి సంది తిరుగుతున్న, ఎవ్వరు ఇస్తలేరు. ఇయ్యాల ఖోలీ దొరకకుంటే కొలువు ఇడిసిపెట్టి పోవుడే."

అరుగు మీద బీడీలు చుడుతున్న పోచమ్మ చాట పక్కన పెట్టి తేరిపార చూసింది. పోచమ్మకు చదువు రాదు. పేపర్లో బొమ్మలు మాత్రం ఒక్కటీ వదలదు.

"ఓ సుందరాబాయీ! గీమెనే! ఇమానంల తుపాకోళ్లతోని రాత్రంత ఉన్నామె!"

పేట్ పరువంతా ఆ అరుగే మోస్తున్నట్టు, పోచమ్మతో బీడీలు చుట్టే నలుగురూ లేచారు.

మొన్న చలికాలం సంగతి. నాగపూర్ నుంచి బొంబాయి పోయే విమానాన్ని దొంగలు తుపాకులు చూపి దారి మళ్లించి, ఎక్కడో బీడులో దింపించారు. అందరినీ వదిలేసి, పోలీసులు కాల్చకుండా ఒక ఆడమనిషిని లోపలే ఉంచుకున్నారు. తెల్లారి ఆమె ప్రాణాలతో బయటపడింది. చచ్చిపోయి ఉంటే పేట్ ఎంత జాలిపడేదో! బతికింది కాబట్టి నడత చెడింది.

"మా మంగళ గూడ గదే ఇమానంల ఉండె," అంది సుందరాబాయి. "ఇజ్జత్‌తోని దిగొచ్చింది. దిగనామెకు నా ఇంట్ల జాగ లేదు."

చంద్రభాగ తలెత్తింది.

"మంగళ... మీ బిడ్డనా?"

"అవ్. అయితే ఏంది?"

"మంచిగుందా? కాన్పు సుఖంగ అయ్యిందా?"

"ఆడపిల్ల పుట్టింది. నీ దిష్టి తగలకముందే నడువు."

చంద్రభాగ అరుగు మీది మొహాలు చూసింది. పెట్టె ఎత్తుకుని స్టేషన్ దారి పట్టింది.

ఆమె నిలబడ్డ చోట పోచమ్మ నీళ్లు చల్లింది. పేట్ శుద్ధి అయింది.

లోపలి గదిలో ఉన్న బాలింత మంగళకు సాంచాల చప్పుడులో ఇవేవీ వినపడలేదు.

కాసేపటికి సాంచాలు ఆపారు. మంగళను తొట్టెల దగ్గర కూర్చోబెట్టి బిడ్డ చెవిలో పేరు చెప్పమన్నారు.

"మా అత్త పేరు పెట్టు బిడ్డా, ఎల్లమ్మ," అంది సుందరాబాయి.

మంగళ వంగి బిడ్డ చెవిలో చెప్పింది. తర్వాత అందరికీ వినపడేలా చెప్పింది.

"చంద్రభాగ."

"గా పేరెందుకే?" సుందరాబాయి గడప వైపు చూసింది.

"నీ నోటికి భయపడి ఇన్ని దినాలు చెప్పలే అమ్మా. ఇమానంల ఉంచుకుంటమని దొంగలు చెయ్యి వట్టి గుంజింది నన్ను. 'కడుపుతోటున్న పిల్లను ఇడిసిపెట్టుండ్రి, నేనుంట' అని నా జాగల కూసున్నామె పేరు అది."