ఎడమ కాలి చెప్పు

"ఒసేయ్ పిడుగూ, ఎక్కడ దాచావే నా ఎడమ కాలి చెప్పు?"

ఆయమ్మ అరుపుకి పిల్లల హోమ్‌లోని పడకగది దద్దరిల్లింది. మంచాల మీద పిల్లలంతా గప్‌చిప్. ఎనిమిదేళ్ళ పిడుగు మాత్రం బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది. దానికి ఆ పేరు పెట్టిన వాళ్ళ నోట్లో పంచదార పొయ్యాలి.

ఆయమ్మ చంకలో కొత్త చెప్పుల పెట్టె ఉంది. మండుటెండలో ఒంటి చెప్పుతో కుంటుకుంటూ బజారుకి వెళ్ళి కొనుక్కొచ్చింది. పనిలో చేరి నాలుగు నెలలు కాలేదు, ఈ పిల్లతో తల ప్రాణం తోకకొచ్చింది. జడ వేయబోతే చెయ్యి కొరుకుతుంది. మొన్నటికి మొన్న పాలగ్లాసు కిటికీలోంచి విసిరింది. అదీ స్టీలుది కాదు, గాజుది!

"చూడండి మేడమ్, ఉలుకూ లేదు, పలుకూ లేదు!"

గుమ్మంలో నిలబడ్డ వార్డెన్ నిట్టూర్చింది. "నీకంటే ముందు ఐదుగురు దీని దెబ్బకే మానేశారు. నువ్వైనా నిలబడతావనుకున్నాను."

"నేను మాత్రం మనిషిని కాదా? నా వల్ల కాదు మేడమ్. రేపట్నించి రాను. కానీ ఆ చెప్పు సంగతేదో తేల్చుకునే పోతాను."

పిడుగు ఉలిక్కిపడింది. చటుక్కున వెళ్ళి తన రేకు పెట్టె మీద కూర్చుంది.

"అదిగో, దొరికింది దొంగ! లే అక్కణ్ణించి!"

ఆయమ్మ దాని రెక్క పట్టి లేపి, మూత తెరిచి, బట్టలన్నీ బయటికి లాగింది. అడుగున చెప్పు కనిపించింది. దాని పక్కన ఇంకోటి. ఆ పక్కన మరోటి. రంగు వెలిసినవి, పట్టీ తెగినవి, మొత్తం ఆరు. అన్నీ పెద్దవాళ్ళవే. అన్నీ ఎడమ కాలివే.

"ఇవెవరివే?" ఆయమ్మ గొంతు తగ్గింది.

"ముందొచ్చిన ఆయమ్మలవి."

"ఎందుకు తీశావ్?"

పిడుగు నేల చూపులు చూసింది. "ఒక్క చెప్పేసుకుని ఎక్కడికీ పోలేరు కదా."

ఆయమ్మకి అంతసేపూ ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"మరి వాళ్ళంతా ఎలా పోయారే, పిచ్చిదానా?"

పిడుగు తలెత్తి ఆయమ్మ చంకలోని పెట్టె వైపు చూసింది.

"వాళ్ళూ కొత్తవి కొనుక్కున్నారు."