తాత కట్టిన కొమ్మ

బావి మీదికి వంగిన తుమ్మచెట్టుకి ఓ గిజిగాడు గూడు అల్లుతున్నాడు. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి చూసి సరే అంటేనే మిగతా సగం అల్లాలి. అది గిజిగాళ్ల ఆచారం.

ఆడపిట్ట వచ్చింది. గూడు సంగతి వదిలేసి అది వేలాడుతున్న కొమ్మని ముక్కుతో పొడిచింది. బెరడు పొడిపొడిగా రాలింది.

"ఇది ఎండిపోయింది మావా. గాలొస్తే పిల్లలతో సహా బావిలో పడతాం."

గిజిగాడికి ఒళ్లు మండింది. "మా తాత ఈ కొమ్మకే కట్టాడు. మా నాన్నా ఈ కొమ్మకే కట్టాడు. వాళ్లకంటే నీకెక్కువ తెలుసా?"

వాదించినకొద్దీ వాడు బిగుసుకుపోయాడు. ఆడపిట్ట మెల్లగా అడిగింది.

"తాతగారు కట్టిననాడు ఈ కొమ్మ పచ్చగా ఉందా, ఎండి ఉందా?"

"పచ్చగానే ఉండేది."

"అయితే ఆయన పద్ధతి పచ్చకొమ్మకి కట్టడం. నువ్వే తప్పుతున్నావేమో చూసుకో."

గిజిగాడు ఉలిక్కిపడ్డాడు. ఆ పూటే పక్కనున్న పచ్చకొమ్మకి మారి గూడు మళ్లీ మొదట్నుంచి అల్లాడు.

పిల్లలు పుట్టిన వారానికి గాలివాన వచ్చింది. ఎండుకొమ్మ ఫెళ్లున విరిగి బావిలో పడింది. గూడు ఊగింది గానీ ఊడలేదు.

"చూశావా?" గిజిగాడు రొమ్ము విరుచుకున్నాడు. "పెద్దల మాట తప్పనివాడికి ఏ ఆపదా రాదు!"

"అవును మావా," అంది ఆడపిట్ట, పిల్లల్ని రెక్కల కిందికి సర్దుకుంటూ.