రోజుకు నలభై మంది

“రోజూ నలభై మంది చూస్తే ఒక్కరు గూడా కొనకపోవడమేందిమే?” అఫ్జల్ చెల్లెలు జబీనా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

ముత్తుకూరులో, ఇంట్లోనే కూర్చుని వెబ్‌సైట్లు చేసిస్తానని ఆమె బోర్డు కట్టి నాలుగు నెలలైంది. దొరికిన గిరాకీ ఒక్కటే. సముద్రం ఒడ్డు పల్లెలో ఎండు చేపలమ్మే పెంచలకృష్ణ. తండ్రి పేరుతో ‘ముత్యాలయ్య ఎండు చేపలు’ అని సైటు చేయించుకున్నాడు.

“ఆదివారం దాకా చూస్తా. ఒక్క ఆర్డరన్నా రాకుంటే సోమవారం నుంచి రొయ్యల షెడ్డుకు పోవాల్సిందే. మేస్త్రీతో మాట్లాడి పెట్టినా,” అన్నాడు అఫ్జల్.

“వస్తది భయ్యా. నలభై మంది ఊరికే వస్తారా?”

ఆ నలభై మీదే ఆమె బతుకుతోంది. సైటుకు ఉచితంగా దొరికే లెక్క ఒకటి తగిలించింది. తెరిచినప్పుడల్లా అంకె పెరుగుతుంది. తెరిచింది ఎవరో చెప్పదు. పొద్దున ఎనిమిదికి మొదలై తొమ్మిదిలోపు నలభై పడుతుంది. మంగళవారం మాత్రం సున్నా.

ఎందుకో తెలియక పెంచలకృష్ణకు ఫోను చేసింది.

“అన్నా, పొద్దున ఎనిమిదికి మీ ఊళ్ళో ఏం జరగతది?”

“పడవలొస్తాయి.”

“మంగళారం?”

“మంగళారం వేటకు పోము.”

“అదీ సంగతి! పడవలొచ్చే వేళకు జనానికి చేపలు గుర్తొస్తుండాయి. గిరాకీ గట్టిదేనన్నా. తప్పు మన సైటులో ఉండాది.”

“ఊఁ,” అన్నాడు పెంచలకృష్ణ. అతనంతే. పది అడిగితే ఒకటి చెబుతాడు.

జబీనా పనిలో పడింది. అడుగునున్న ధరలు పైకి తెచ్చింది. ఫోను నంబరు పెద్దది చేసి, నొక్కితే నేరుగా కలిసేలా పెట్టింది. తెల్లగుడ్డ మీద ఎండలో తీసిన నెత్తళ్ళ చేపల ఫోటోలు వేసింది. ఇక మిగిలింది వీడియో. సైటు తెరవగానే ముందు కనిపించేది అదే. ముత్యాలయ్య పడవ దిగి, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, ఒడ్డుకు చూసి అరుస్తాడు. “ఏమ్మే, తట్ట తీసుకురా!” అంతే, పావు నిమిషం.

ఆమె ముత్యాలయ్యను చూసింది ఆ వీడియోలోనే. సైటు మొదలుపెట్టిన రోజు ఆ ఇంటికి వెళ్తే, “వేటకు పొయినాడు” అంది పెంచలకృష్ణ తల్లి పోలేరమ్మ. నుదుట రూపాయంత బొట్టు, చేతుల నిండా గాజులు. చదువు రాదు. ఆమె ఫోనులో కూడా సైటు తెరుచుకునేలా చేప బొమ్మ పెట్టి, “ఇది నొక్కితే చాలు పెద్దమ్మా” అని నేర్పి వచ్చింది జబీనా.

“వీడియో తీసేస్తుండానన్నా,” అంది ఫోనులో. “బరువైపోయింది. పేజీ తెరుచుకునే లోపల మనిషి లేచిపోతాడు.”

“నాయనది గదా. ఉండనీమా.”

“నాయన్ని చూసేదానికి ఎవురొస్తారన్నా? నెత్తళ్ళ కోసం వస్తారు గానీ.”

“నీకు తెలిసింది మాకేం తెలుసు,” అన్నాడు పెంచలకృష్ణ.

బుధవారం మధ్యాహ్నం తీసేసింది. గురువారం పొద్దున డెబ్బై!

“చూడు భయ్యా, బరువు తీసేయంగానే ఎంత మందో!” అని ఎగిరింది జబీనా.

“ఆర్డరు?”

రాలేదు. శుక్రవారం అంకె తొమ్మిదికి దిగింది. శనివారం సున్నా. మంగళవారం కాకపోయినా సున్నా.

ఆదివారం తెల్లవారగానే ఆ పల్లెకు పోయే ఆటో ఎక్కింది. ఒడ్డున పెంచలకృష్ణ వల బాగుచేసుకుంటున్నాడు. పోలేరమ్మ పక్కన ఖాళీ తట్ట పెట్టుకుని ఇసుకలో కూర్చుంది. అప్పుడే పడవలు వస్తున్నాయి.

“ఏం పాపా, నీ చేప బొమ్మ చెడిపొయినట్టుండాదే!”

“చెడిపోలా పెద్దమ్మా. వీడియో నేనే తీసేసినా, బరువని.”

“ఆయన బరువా! గట్టిగా గాలొస్తే ఎగిరిపొయ్యే మనిషి.”

జబీనాకు నవ్వు రాలేదు. ఆ పూట దాటితే గడువు అయిపోతుంది. ఏం చేయాలో తోచక అక్కడే కూర్చుని వీడియో మళ్ళీ ఎక్కించింది. “ఇప్పుడు నొక్కు పెద్దమ్మా.”

పోలేరమ్మ నొక్కింది.

“ఏమ్మే, తట్ట తీసుకురా!”

జబీనా ఫోనులో సున్నా పోయి ఒకటి పడింది. పోలేరమ్మ మళ్ళీ నొక్కింది. రెండు. మళ్ళీ. మూడు.

జబీనా ఆమె వేలు పట్టుకుని ఆపింది.

“పెద్దమ్మా... రోజూ నొక్కతుండింది నువ్వేనా?”

“ఇంకెవురు?”

“నలభై సార్లా?”

“పడవలన్నీ ఒడ్డెక్కే దాకా. లెక్కెవురు పెట్టినారు పాపా?”

జబీనాకు ఏడుపు ఆగలేదు. “నేను పెట్టినా! నలభై మందొస్తుండారని మా అన్నకు చెప్పినా, కనపడినోళ్ళందరికీ చెప్పినా. ఒక్కరు గూడా రాలా. రేపట్నించి షెడ్డులో రొయ్యలు ఒలవాల నేను. పడవ దిగి పెదనాయన పిలిచే పిలుపు చాలదా నీకు? ఫోనులో గూడా వినాల్నా?”

పోలేరమ్మ తట్ట ఒళ్ళోకి తీసుకుని వచ్చే పడవల వైపు చూస్తూ ఉండిపోయింది.

పెంచలకృష్ణ వల కింద పెట్టాడు.

“పోయిన తుపానుకి నాయన పడవొక్కటే తిరిగొచ్చిందిమా.”