కనక కొట్టుకి వేసిన మార్కులు

“గుడ్లు?” అంది అనూరాధ.

“నేవమ్మా,” అంది కనక.

ఆకుకూరలు లేవు. కాయగూరలు లేవు. రాజ్మా గింజ లేదు. కొండ మీద ప్రతి పెరట్లోనూ పాకే చిక్కుడు కూడా ఈ కొట్లో లేదు. ఉన్నవల్లా దండెం మీద వేలాడే చిప్స్ పొట్లాలు, రంగునీళ్ళ సీసాలు, బిస్కెట్లు. ఒక పొట్లం తీసి చూస్తే వేలికి దుమ్ము అంటింది, మీద వేసిన తేదీ ఎప్పుడో దాటిపోయింది. ఇదా వీళ్ళు పిల్లలకి పెట్టేది అనుకునేసరికి అనూరాధకి ఒళ్ళు మండింది.

ఆమె విశాఖపట్నంలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తోంది. ఆ 2003 వర్షాకాలమంతా ఆమె పని అనంతగిరి పై ఊళ్ళలో తిండి సరుకులమ్మే కొట్లు ఎంత ఆరోగ్యకరంగా ఉన్నాయో చూసి మార్కులు వేయడం. మంచి సరుకు అమ్మే కొట్టు ఒక్కటి తేలితే చాలు, గిరిజన బాలికల హాస్టల్‌కి గుడ్లూ కూరలూ ఇకమీదట అక్కడే కొంటారు. తేలకపోతే మళ్ళీ కింద ఊరి కాంట్రాక్టరే. అతగాడి గుడ్లు ఘాట్ రోడ్డు ఎక్కేసరికి సగం చితికిపోతాయి, తక్కినవి కంపు కొడతాయి. నీళ్ళచారు పోసిన అన్నం ముందు కూర్చుని ఆడపిల్లలు మెతుకులు కెలుకుతుంటే చూసి వచ్చింది అనూరాధ. ఆ దృశ్యం ఆమె కళ్ళముందు నుంచి పోవడం లేదు.

మార్కులు వేసేదాకా ఈ సంగతి కొట్టువాళ్ళ దగ్గర ఎత్తకూడదని పైవాళ్ళ రూలు. ముందే తెలిస్తే ఆ ఒక్క పూటకీ అరువు తెచ్చి సర్దేస్తారట. చూసిన కొట్లన్నీ ఒక్కలాగే తగలడ్డాయి. ఈ పనసగరువే ఆఖరి ఊరు.

పొద్దున్న దారిలో జీపు డ్రైవరు వరహాలరావుతో ఈ గోడే వెళ్ళబోసుకుంది. అతనికీ ఆశ్చర్యంగానే ఉంది. ఇదే జీపులో మునుపు వేరే ఆఫీసు సార్లని తిప్పేవాడు. ఈ బండి మోత కిందనుంచి పై ఊరిదాకా వినిపిస్తుందని గొప్పగా చెప్పి, తరువాత నిట్టూర్చాడు.

“ఆ రోజుల్లో కోళ్ళూ తేనే కూరలూ ఎక్కించకుండా బండి దిగీది కాదు మేడమ్. కొట్టోళ్ళు డబ్బుల మాటే ఎత్తీవోరు కాదు, అంత మంచోరు. ఇప్పుడేటయిపోనాదో.”

ఇప్పుడు పాపం వాళ్ళకే లేదేమో అనుకుని అనూరాధ మనసు చివుక్కుమంది.

కొట్టు అరుగు మీద గుండ్రంగా తడి మరక ఉంది. గొడుగు అక్కడే ఆనించి లోపలికి తొంగి చూసింది. తక్కెడ పళ్ళెంలో ఎర్రమట్టి పెళ్ళలు కనిపించాయి. శుభ్రత కింద ఇద్దామనుకున్న ఒక్క మార్కూ దాంతో పోయింది. కొట్టు వెనకాల కోడిపెట్ట ఒకటి అదేపనిగా అరుస్తోంది.

“కోళ్ళున్నాయి కదా, మరి గుడ్లెందుకు లేవు?” అంది.

“పక్కింటోలివమ్మా.”

అనూరాధ పట్టు వదలలేదు. పోనీ ఇంట్లో తినడానికి దాచుకున్నవైనా ఉంటే ఒకసారి చూపించమంది. రూలు సగం మీరినట్టేనని ఆమెకీ తెలుసు. లోపల చీకట్లో కూర్చున్న ముసలావిడ కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. కనక గుమ్మానికి అడ్డంగా జరిగి, తాము అంబలి తాగి బతికేవాళ్ళమని, కూరలు అమ్మినా ఇక్కడ కొనే నాథుడు లేడని అంది. ఆ మాట అంటున్నంతసేపూ ఆమె చూపు అనూరాధ మీద లేదు, రోడ్డు మీది జీపు మీదే ఉంది.

ఈ నిర్లక్ష్యమే అనూరాధకి భరించరానిది. ఆడది, తనూ పిల్లల్ని కన్నది, ఇంత మొండిగా ఎలా ఉంటుంది? పెన్ను విరిగేలా నొక్కి అన్నిటికీ సున్నా చుట్టింది.

మార్కులు వేయడం అయిపోయింది కనుక ఇక దాచాల్సిన పని లేదు. కడుపులో ఉన్నదంతా కక్కేసింది. నాలుగు గుడ్లూ నాలుగు కూరలూ ఉండి ఉంటే హాస్టల్ వాళ్ళు ఏడాది పొడుగునా ఈ కొట్లోనే, రొక్కం ఇచ్చి కొనేవారని చెప్పింది. ఇప్పుడు కాంట్రాక్టరు పేరు రాసి పంపడం తప్ప తన చేతుల్లో ఏమీ లేదంది.

“ముందొచ్చిన బాబులూ ఇలాగే శానా సెప్పినారమ్మా,” అంది కనక.

వీళ్ళకి చెప్పి లాభం లేదనుకుంది అనూరాధ. గొడుగు తీసుకుని విసవిసా వెళ్ళి జీపెక్కింది. వరహాలరావు కొట్టువైపు ఒకసారి ఆశగా చూసి బండి తిప్పాడు. హాస్టల్ పిల్లల ముందు మళ్ళీ ఏ మొహం పెట్టుకుని నిలబడాలా అనుకుంటూ ఆమె కళ్ళు తుడుచుకుంది.

జీపు మలుపు తిరిగి, మోత పూర్తిగా అణగిపోయేదాకా కనక గుమ్మంలోనే నిలబడింది. తరువాత లోపలికి తిరిగి ముసలావిడతో అంది:

“గుడ్లూ కూరలూ బయటెట్టు అత్తా, ఈపాలి జీపోలు ఏటీ ఎత్తుకెల్నేదు.”