ఐస్ పక్కన సీటు

“ఆ షాట్ అమ్మమ్మ కూడా ఆపేస్తుంది నాన్నా,” అంది సాన్వి, ఫోన్‌లో టకటకా టైప్ చేస్తూ.

రఘు దోసె తిరగేశాడు. ముందురోజు సాయంత్రం అతను చదివిన కాలేజీ ఐస్ హాకీ టీమ్ ఓవర్‌టైమ్‌లో ఓడిపోయి టోర్నమెంట్ నుంచి బయటికి వచ్చేసింది. మంచు ఊళ్ళో మాస్టర్స్ చేసి, చాండ్లర్ ఎండల్లో ఇల్లు కొనుక్కున్న మనిషి, ఆ టీమ్ పిచ్చిని మాత్రం కూతురికి అంటించాడు. పదిహేనేళ్ళ సాన్వి తండ్రి కంటే రెండాకులు ఎక్కువే చదివింది. ఇప్పుడు గోల్‌కీపర్‌ని తిడుతూ, అతని పేజీలోనే పెట్టడానికి ఆరు లైన్ల కామెంట్ సిద్ధం చేసింది.

“పోస్ట్ చెయ్యకు,” అన్నాడు రఘు.

“అందరూ చేస్తున్నారుగా?”

“అందుకే వద్దంటున్నా.”

కాఫీ తాగుతున్న ప్రణీతకి నవ్వొచ్చింది. గోల్‌కీపర్‌ని ఎవరైనా ఒక్క మాటంటే భర్త ఊరుకోడని ఆమెకు తెలుసు. అసలు ఆయన ఆట చూస్తే కదా అని ఎత్తిపొడిచింది. అవతలివాళ్ళు మన గోల్ వైపు దూసుకొస్తే చాలు, కళ్ళు గట్టిగా మూసుకుని ఆంజనేయస్వామికి దండం పెడతాడు. క్రికెట్ చూసే రోజుల నుంచి ఉన్న అలవాటు. నిన్నటి గోల్ కూడా రీప్లేలోనే చూశాడు.

రఘు స్టవ్ ఆపి కూతురి ఎదురుగా కూర్చున్నాడు.

ఇండియా నుంచి రెండు స్వెట్టర్లతో దిగినప్పుడు అతనికి హాకీ అంటే గడ్డి మీద ఆడేదనే తెలుసు. ఐస్ హాకీ ఆడే రింక్‌లో అడుగుపెట్టిన మొదటి శుక్రవారమే మనసు పారేసుకున్నాడు. తడిసిన గ్లవ్స్ వాసన, స్టూడెంట్ల బ్యాండు, మనుషులు అద్దాలకు గుద్దుకునే చప్పుడు, అన్నీ నచ్చేశాయి. రెండు సీజన్లు ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. ఐస్ పక్కనే సీటు, చెయ్యి చాపితే ఆటగాళ్ళు తగిలేంత దగ్గర. ఒక్క టికెట్టూ కొనలేదని ఇప్పటికీ గొప్పలు పోతాడు. ఎంత హాయైన రోజులవి!

“కైల్ అని మాకో గోల్‌కీపర్ ఉండేవాడు,” అన్నాడు.

2008 సెమీఫైనల్ అది. ఓవర్‌టైమ్‌లో మనవాడొకడు ఫౌల్ చేసి, ఐస్ పక్కనున్న పెనాల్టీ బాక్స్‌లో రెండు నిమిషాలు కూర్చోవాల్సి వచ్చింది. ఒక మనిషి తక్కువైనా కైల్ ఒంటిచేత్తో అన్నీ ఆపాడు. రెండు నిమిషాలూ అయిపోయాయి. బాక్స్‌లోంచి మనవాడు బయటికి దూకితే చాలు. కానీ మూడు సెకన్లు ఆలస్యంగా వచ్చాడు. ఆ మూడు సెకన్లలోనే గోల్ పడింది.

“ఎందుకు లేటయ్యాడు?”

“తలుపు తియ్యలేదు.”

“వాట్? బాక్స్ తలుపు తీసే డోర్ గై ఏం చేస్తున్నాడు? నువ్వు చూశావా?”

“లేదు కన్నా. కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటున్నాను.”

సాన్వి తల కొట్టుకుంది.

మూడు సెకన్ల సంగతి ఎవరికీ పట్టలేదని చెప్పాడు రఘు. అందరి చూపూ గోల్ మీదే. మర్నాడు కాలేజీ పేపర్‌లో కైల్ ఐస్ మీద బోర్లా పడి ఉన్న ఫోటో వేశారు. అతని రూమ్ తలుపు నిండా తిట్లు అంటించారు. కేఫెటేరియాలో టోపీ కళ్ళ మీదికి లాక్కుని ఒక్కడే తినేవాడు. రఘు రెండుసార్లు ట్రే పట్టుకుని అతని టేబుల్ దాకా వెళ్ళి, నోరు పెగలక వెనక్కి వచ్చేశాడు. సెలవులయ్యాక కైల్ మళ్ళీ కాలేజీకి రాలేదు.

“ఆ డోర్ గై ఎవరికీ చెప్పలేదా, తప్పు తనదని?”

“లేదు. భయపడ్డాడు.”

సాన్వి ఆ ఆరు లైన్లూ చెరిపేసింది. రఘు ఊపిరి పీల్చుకున్నాడు. కానీ ఆమె వేళ్ళు మళ్ళీ కదిలాయి.

“ఏం రాస్తున్నావు?”

“కైల్ స్టోరీ. ఎక్కడో ఉంటాడు కదా, ఇప్పటికీ తనదే మిస్టేక్ అనుకుంటూ. హీ షుడ్ నో. పాత ఫ్యాన్స్ గ్రూప్‌లో పెడతా, ఎవరో ఒకరు తనకి చూపిస్తారు. ఆ డోర్ గై పేరు కూడా రాస్తా. నీకు గుర్తుందా?”

ప్రణీత కప్పు కింద పెట్టి భర్త వైపు చూసింది. రఘు తన రెండు చేతుల వైపు చూసుకున్నాడు.

“మీ నాన్న పేరు రాయి,” అన్నాడు.