కవలల కాగితాలు

ఆర్నో చెయ్యి విసిరిన విసురుకి డాక్టర్ ఒటావియో బల్ల మీదున్న సొరబుర్ర కప్పు పగిలి, అందులోని వేడి 'మాటే' ఆకు టీ గోడంతా చిందింది. రెండో దెబ్బకి డాక్టర్ పెదవి చిట్లింది.

"మా అన్నని పాతిపెట్టి తొమ్మిది రోజులు. నువ్వు రాసిన మాత్రకి రక్తం పలచబడి, ముక్కులోంచీ నోట్లోంచీ నెత్తురు కారి పోయాడు."

రెండు రిపోర్టులు మొహాన కొట్టాడు.

"ఒకే గుడ్డులో పుట్టిన కవలలం. నువ్వు పోర్టో అలెగ్రీ ల్యాబులో వాడి ఉమ్ముతో జన్యు పరీక్ష చేయించి, మందు పడుతుందన్నావు. నేను నా ఉమ్ము సావో పాలో ల్యాబుకి పంపిస్తే అదే మందు నాకు పడదని వచ్చింది. ఒకే రక్తానికి రెండు జవాబులేంటి డాక్టరూ?"

"ఒక్కో ల్యాబు జన్యువులో ఒక్కో చోట వెతుకుతుంది. వాళ్లు చూసింది వీళ్లు చూడరు."

"ఆ ముక్క వాడు బతికుండగా చెప్పాల్సింది." డాక్టర్ని కాలర్ పట్టి గోడకేసి కొట్టాడు.

డాక్టర్ నేల మీద కూలబడి, నెత్తుటి చేత్తోనే ఆర్నో రిపోర్టు తీసి తేదీ చూశాడు.

"ఇది మార్చిలో వచ్చింది. మీ అన్న పోయింది జూన్‌లో. ఎవరికీ చూపించలేదా?"

ఎత్తిన పిడికిలి గాల్లోనే ఆగిపోయింది. నలభై ఏళ్లుగా ఊరు ఊరంతా ఆ ఇద్దరినీ ఒకే పేరుతో పిలిచేది.

"వాడికే చూపించా," అన్నాడు ఆర్నో. "'మనిద్దరం ఒకటి కాదని కాగితం మీద రాసిచ్చార్రా, అన్నా' అని వాడితో అన్నా. ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వుతూనే వాడు మాత్ర నోట్లో వేసుకుంటే, నీళ్లు నేనే అందించా."